ఎల్డెన్ రింగ్‌లో ముందు దేనిలోకి దిగాలి: గని, గుహ, సమాధుల మధ్య ఎంపిక

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ కథను చివరిదాకా నడిపించడానికి తప్పక దాటవలసిన స్థలాలు చాలా తక్కువ. దారి పక్కన కనిపించే గుహలు, గనులు, భూగర్భ సమాధులు, పాడుబడిన కోటల్లో ఎక్కువ భాగం ఐచ్ఛికమైనవి. వాటి గడప తొక్కకుండానే చివరి బాస్, అంటే పెద్ద శత్రువు, దాకా వెళ్ళవచ్చు. 2022 ఫిబ్రవరి 25న విడుదలైన ఈ ఆటను ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి మొదటి ప్రాంతమైన లిమ్‌గ్రేవ్‌లోనే అలాంటి చిన్న డంజియన్లు వరుసగా ఎదురవుతాయి. ప్రతిదానిలోకీ దిగితే ఆట మధ్యకు వచ్చేసరికి విసుగు పుడుతుంది. అన్నింటినీ వదిలేస్తే పదును లేని ఆయుధంతో, పెద్ద బాస్ ముందు పదేపదే చనిపోవలసి వస్తుంది.

ఈ రెంటికీ మధ్య దారి ఉంది. ఈ ఆటలో డంజియన్ రకాన్ని చూస్తే లోపల దొరికే ప్రతిఫలం ఏ జాతిదో చాలావరకు ముందే చెప్పవచ్చు. గనుల్లో ఆయుధాన్ని పదునుపెట్టే రాళ్ళు దొరుకుతాయి. భూగర్భ సమాధుల్లో, అంటే క్యాటకోంబ్స్‌లో, యుద్ధంలో తోడు నిలిచే ఆత్మల బూడిద, వాటిని బలపరిచే పూలు దొరుకుతాయి. గుహల్లో ఎక్కువగా ధరిస్తే ఏదో ఒక బలాన్నిచ్చే టాలిస్మన్లు, అప్పుడప్పుడు ఒక విచిత్రమైన ఆయుధం దొరుకుతాయి. హీరోస్ గ్రేవ్ అనే వీరుల సమాధుల్లో ప్రతిఫలం పెద్దది, శ్రమ అంతకంటే పెద్దది. కాబట్టి సంతకు బయలుదేరే ముందు ఇంట్లో ఏది నిండుకుందో చూసుకున్నట్టుగా, డంజియన్‌లోకి దిగే ముందు మీ పాత్రకు ఇప్పుడు ఏది కొరతగా ఉందో చూసుకోవాలి. ఎంపికకు ఇంతకంటే నమ్మదగిన ఆధారం లేదు.

ఆయుధం బలహీనంగా ఉంటే గని

కొత్తగా ఆడేవారిలో చాలామంది శత్రువులను చంపితే వచ్చే రూన్లన్నీ లెవెల్ పెంచుకోవడానికే ఖర్చు చేస్తారు. తొలి ముప్పై నలభై లెవెళ్ళలో ఒక్కో లెవెల్‌కు పెరిగే దాడిబలం స్వల్పం. ఆయుధాన్ని ఒక మెట్టు పదునుపెట్టినప్పుడు పెరిగే బలం కంటికి కనిపించేంత. అందుకే నాలుగు రకాల డంజియన్లలో దేనితో మొదలుపెట్టాలని ఎవరు అడిగినా, తడుముకోకుండా గని అనే చెబుతాను.

లెక్క సులభమే. సాధారణ ఆయుధాన్ని +1 చేయడానికి మొదటి శ్రేణి స్మితింగ్ స్టోన్లు, అంటే పదునుపెట్టే రాళ్ళు, 2, +2 చేయడానికి 4, +3 చేయడానికి 6 కావాలి. అంటే మొత్తం 12 రాళ్ళు. +3 వరకు పని చర్చ్ ఆఫ్ ఎల్లె శిథిలాల్లో ఉన్న చిన్న దాగలి దగ్గరే జరిగిపోతుంది. ఆపైన ఆటగాళ్ళ స్థావరమైన రౌండ్‌టేబుల్ హోల్డ్‌లోని కమ్మరి హ్యూగ్ దగ్గరకు వెళ్ళాలి. తరువాతి ప్రతి మూడు మెట్లకూ పై శ్రేణి రాళ్ళు ఇదే క్రమంలో 12 చొప్పున కావాలి. అగీల్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ చిన్న గని. గోడల్లో మెరిసే చోట్లన్నీ ఏరుకుంటూ వెళితే మొదటి శ్రేణి రాళ్ళ అవసరంలో మంచి భాగం అక్కడే తీరుతుంది. చివరనున్న స్టోన్‌డిగ్గర్ ట్రోల్ ఇచ్చే రోర్ మెడాలియన్ గర్జనలనూ, శ్వాసతో చేసే దాడులనూ మాత్రమే బలపరుస్తుంది కనుక ఎక్కువమందికి పనికిరాదు. అందుచేత ఆ బాస్ దగ్గర ఇబ్బంది పడుతున్నవారు రాళ్ళు ఏరుకుని బయటికి వచ్చేసినా నష్టపోయేది ఏమీ లేదు.

గనిలోకి వెళ్ళేటప్పుడు చేతిలో ఉన్న ఆయుధం ఏ రకమో చూసుకోవాలి. అక్కడి కార్మికుల ఒళ్ళు రాయిలా గట్టిగా ఉంటుంది. కత్తి దెబ్బలు సరిగా దిగవు, గద, సుత్తి వంటి మొద్దు ఆయుధాల దెబ్బలు బాగా తగులుతాయి. తరువాతి ప్రాంతాల్లో ఎదురయ్యే స్ఫటిక శరీరపు క్రిస్టలియన్ల విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. కత్తిని నమ్ముకున్నవారు కూడా సంచిలో ఒక గద పెట్టుకుని తిరగడం మంచిది.

గనుల అసలు విలువ లిమ్‌గ్రేవ్ దాటాకే బయటపడుతుంది. తరువాతి ప్రాంతమైన లియూర్నియా ఉత్తర భాగంలోని రాయా లుకారియా క్రిస్టల్ టన్నెల్‌లో క్రిస్టలియన్‌ను ఓడిస్తే స్మితింగ్ స్టోన్ మైనర్స్ బెల్ బేరింగ్ మొదటిది దొరుకుతుంది. దానిని రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో సరుకులు అమ్మే ట్విన్ మెయిడెన్ హస్క్స్‌కు అప్పగిస్తే, మొదటి రెండు శ్రేణుల రాళ్ళు ఎన్ని కావాలంటే అన్ని కొనుక్కోవచ్చు. అప్పటినుంచి కొత్త ఆయుధం నచ్చినప్పుడు దానిని ప్రయత్నించి చూడడానికి భయపడనవసరం లేదు. రాళ్ళు మిగలవేమో అన్న సంకోచంతో ఆట మొత్తం ఒకే కత్తితో ముగించేవారు ఎందరో ఉంటారు. ఈ ఒక్క గని ఆ సంకోచాన్ని తొలగిస్తుంది. మొత్తం ఆటలో చిన్న డంజియన్లలో ఒక్కదానినే పూర్తి చేసే తీరిక ఉందని ఎవరైనా అంటే, నేను సూచించేది ఇదే. మూడు, నాలుగు శ్రేణుల రాళ్ళను అమ్మించే రెండో బెల్ బేరింగ్ రాజధాని లేండెల్ పరిసరాల్లోని సీల్డ్ టన్నెల్‌లో ఉంది.

ప్రత్యేక ఆయుధాలు వాడేవారి లెక్క వేరు. వాటికి సోంబర్ స్మితింగ్ స్టోన్లు కావాలి, మెట్టుకు ఒక్కటి చాలు, +10 దగ్గర ఆగిపోతాయి. ఆ రాళ్ళ బెల్ బేరింగులలో మొదటిది కేలిడ్ అనే ప్రాంతంలోని సెలియా క్రిస్టల్ టన్నెల్‌లో, రెండోది ఆల్టస్ పీఠభూమిలోని ఆల్టస్ టన్నెల్‌లో దొరుకుతాయి. కేలిడ్‌లోనే ఉన్న గేల్ టన్నెల్ గురించి కూడా ఇక్కడ చెప్పాలి: అక్కడి మాగ్మా విర్మ్‌ను ఓడిస్తే మూన్‌వీల్ అనే కటానా దొరుకుతుంది. అది బలం 12, నేర్పు 18, తెలివి 23 ఉన్నవారికి మాత్రమే చేతికి ఒదుగుతుంది. మంత్రశక్తి పెంచుకునే పాత్ర అయితే ఆ గని కోసం కేలిడ్‌లోకి ముందుగానే చొరబడడం సమంజసం. గొడ్డలి పట్టుకున్న బలశాలికి ఆ ప్రయాణం వృథా శ్రమ.

తోడు కావాలంటే క్యాటకోంబ్స్

ఒంటరిగా ఆడుతూ బాస్ దృష్టిని మళ్ళించే తోడు లేక అలసిపోతున్నవారికి క్యాటకోంబ్స్ ఉపయోగపడతాయి. అయితే వాటిలోకి దిగడానికి ముందు రెండు పనులు పూర్తి కావాలి. మొదటిది, ఆత్మలను పిలిచే గంట. టోరెంట్ అనే గుర్రం దొరికిన తరువాత చర్చ్ ఆఫ్ ఎల్లెకు తిరిగి వెళితే రెన్నా అనే మంత్రగత్తె ఆ గంటనూ, దానితోపాటు మూడు తోడేళ్ళ బూడిదనూ ఇస్తుంది. ఆమెను కలవలేకపోయినవారు ట్విన్ మెయిడెన్ హస్క్స్ దగ్గర గంటను కొనుక్కోవచ్చు. రెండోది, స్టార్మ్‌హిల్ షాక్‌లో కూర్చుని ఉండే రోడెరికా అనే యువతితో మాట్లాడి, ఆమె రౌండ్‌టేబుల్ హోల్డ్‌కు చేరాక ఆమెకూ హ్యూగ్‌కూ మధ్య మాట కలపడం. ఆత్మలను బలపరచగలిగేది ఆమె మాత్రమే. ఆమె ఆ పనికి సిద్ధపడకముందు క్యాటకోంబ్స్‌లో ఎన్ని గ్రేవ్ గ్లవ్‌వర్ట్ పూలు కోసినా అవి సంచిలోనే ఉంటాయి.

క్యాటకోంబ్స్‌కు ఒక స్థిరమైన నిర్మాణ క్రమం ఉంది. బాస్ గది తలుపు తరచు ప్రవేశానికి దగ్గరలోనే మూసి ఉంటుంది; దానిని తెరిచే మీట లోపలెక్కడో దూరంగా ఉంటుంది. ఈ సంగతి తెలిసినవారు ముందుగా తలుపు ఎక్కడుందో చూసుకుని, ఆ తరువాత మీటను వెతుకుతూ వెళతారు కనుక దారి తప్పరు. గోడలకు వేలాడుతూ వెనుకనుంచి దూకే ఇంప్ అనే చిన్న రాక్షసులు ప్రతి మలుపులోనూ పొంచి ఉంటాయి. చీకటి కోసం చేతిలో కాగడా ఉండాలి. చర్చ్ ఆఫ్ ఎల్లెలోని వర్తకుడు కాలే దానిని అమ్ముతాడు.

ప్రతిఫలాల విషయంలో క్యాటకోంబ్స్ అన్నీ సమానం కావు. చాలామంది మొదట చూసే స్టార్మ్‌ఫుట్ క్యాటకోంబ్స్‌లో బాస్ ఎర్డ్‌ట్రీ బరియల్ వాచ్‌డాగ్ అనే రాతి విగ్రహం. అది ఇచ్చే నోబుల్ సోర్సరర్ బూడిదను మళ్ళీ వాడినవారు అరుదు. డెత్‌టచ్డ్ క్యాటకోంబ్స్ అలా కాదు. అక్కడ ఉచిగటానా ఉంది, అది నేర్పును పెంచుకునే పాత్రను ఆట చివరిదాకా మోయగల కటానా. బాస్ గది దాటాక ఒక పెట్టెలో డెత్‌రూట్ అనే వేరు కూడా ఉంటుంది. బెస్టియల్ శాంక్టమ్‌లోని గురాంక్ అనే పాత్ర దానిని తిని మంత్రాలు, ఆయుధాలు ఇస్తాడు. లిమ్‌గ్రేవ్‌లో ఒక్క క్యాటకోంబ్‌కే సమయం ఉంటే డెత్‌టచ్డ్‌కే వెళ్ళండి. లియూర్నియాలో బ్లాక్ నైఫ్ క్యాటకోంబ్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి. అక్కడ రెండో బాస్ ఒకటి దాగి ఉంటుంది, దానిని ఓడిస్తే దొరికే బ్లాక్ నైఫ్‌ప్రింట్ రోజియర్ అనే మంత్రగాడి కథను ముందుకు నడుపుతుంది. కథాపాత్రల మీద ఆసక్తి ఉన్నవారు దీనిని వదలకూడదు. ఆల్టస్ పడమటి వైపున్న విండమ్ క్యాటకోంబ్స్‌లో గ్లవ్‌వర్ట్ పూలను అమ్మించే మొదటి బెల్ బేరింగ్ దొరుకుతుంది.

నిజం చెప్పాలంటే, క్యాటకోంబ్స్‌లో బాస్‌లు పదేపదే అవే వస్తాయి. వాచ్‌డాగ్, సిమెట్రీ షేడ్, గ్రేవ్ వార్డెన్ డ్యుయెలిస్ట్ అనే మూడు రూపాలను ఒక్కొక్కసారి చూశాక నాలుగోసారి కొత్తదనం ఏమీ ఉండదు. పైగా అందరూ మెచ్చుకునే ఆత్మలు ఈ సమాధుల్లో లేవు. లిమ్‌గ్రేవ్‌లో గట్టిగా ఉపయోగపడే స్కెలెటల్ మిలిషియామన్ బూడిద సమ్మన్‌వాటర్ గ్రామంలో పడవ నడిపే టిబియా మారినర్ దగ్గర, ఆరుబయటే దొరుకుతుంది. ఆటగాడి ప్రతిరూపంగా నిలిచే మిమిక్ టియర్ నోక్రాన్ అనే భూగర్భ నగరంలో ఉంటుంది. కాబట్టి ఒక మంచి ఆత్మను ఎంచుకున్న తరువాత క్యాటకోంబ్స్‌లోకి వెళ్ళేది పూల కోసమేనని గుర్తుంచుకుంటే ఎన్నింటిలోకి దిగాలో తేలికగా తేలుతుంది.

గుహలు, వీరుల సమాధులు

గుహలు చిన్నవి, పావుగంటలో ముగుస్తాయి, మొదటి రోజుల్లో ధైర్యం కూడగట్టుకోవడానికి తగినవి. వాటిని ఎంచుకునేటప్పుడు తరువాత ఎదురుకాబోయే శత్రువును దృష్టిలో పెట్టుకోవాలి. చర్చ్ ఆఫ్ ఎల్లె దగ్గరలోని గ్రోవ్‌సైడ్ కేవ్‌లో దొరికే ఫ్లేమ్‌డ్రేక్ టాలిస్మన్ నిప్పు దెబ్బలను తగ్గిస్తుంది. అగీల్ సరస్సు మీద వాలే డ్రాగన్‌తో తలపడదలచినవారు ముందు ఇక్కడికి వెళ్ళడం సహజమైన క్రమం. లిమ్‌గ్రేవ్‌కు దక్షిణాన వీపింగ్ పెనిన్సులా అనే ద్వీపకల్పంలోని ఎర్త్‌బోర్ కేవ్‌లో ఉన్న స్పెల్‌డ్రేక్ టాలిస్మన్ మంత్రాల దెబ్బలను తగ్గిస్తుంది. రాయా లుకారియా అకాడమీలోకి వెళ్ళే ముందు అది మెడలో ఉంటే ఎంతో మేలు, కానీ అక్కడి రూన్‌బేర్ అనే ఎలుగుబంటి ఇరుకు గదిలో నిర్దాక్షిణ్యంగా కొడుతుంది. అదే ద్వీపకల్పంలో టూంబ్స్‌వార్డ్ కేవ్ ఇచ్చే విరిడియన్ ఆంబర్ మెడాలియన్ దాడికీ పరుగుకూ ఖర్చయ్యే స్టామినాను పెంచుతుంది, ఏ రకం పాత్రకైనా పనికివస్తుంది. ఈ మూడింటిలో ఒకటే ఎంచుకోవాలంటే చివరిదాన్నే ఎంచుకోవాలి. రూన్లు త్వరగా కూడబెట్టుకోవాలనుకునేవారికి కేలిడ్‌లోని అబాండన్డ్ కేవ్ ముఖ్యం. అక్కడ ఇద్దరు క్లీన్‌రాట్ నైట్లను ఓడిస్తే దొరికే గోల్డ్ స్కారాబ్ ప్రతి శత్రువు నుంచి వచ్చే రూన్లను 20 శాతం పెంచుతుంది. తీర ప్రాంతపు కోస్టల్ కేవ్‌కు మరో ప్రత్యేకత ఉంది: దానిని దాటితేనే డ్రాగన్ గుండెలను మంత్రాలుగా మార్చుకునే చర్చ్ ఆఫ్ డ్రాగన్ కమ్యూనియన్ ఉన్న దీవికి చేరవచ్చు. డ్రాగన్ మంత్రాల మీద ఆసక్తి లేనివారు దానిని నిశ్చింతగా వదిలేయవచ్చు.

వీరుల సమాధుల విషయంలో నా సలహా కఠినంగా అనిపించవచ్చు: మొదటిసారి ఆడుతున్నప్పుడు వాటిని చివరికి ఉంచండి. ఆట మొదలయ్యే చోటనే, మనం కళ్ళు తెరిచే శ్మశానంలోనే, ఫ్రింజ్‌ఫోక్ హీరోస్ గ్రేవ్ పొగమంచు వెనుక ఊరిస్తూ ఉంటుంది. దానిని తెరవడానికి స్టోన్‌స్వోర్డ్ కీలు రెండు కావాలి. పాత్రను సృష్టించేటప్పుడు ఆ కీలను బహుమతిగా ఎంచుకున్నవారు ఉత్సాహంగా వెంటనే లోపలికి వెళ్ళి, దారినంతా తొక్కుకుంటూ తిరిగే రథం కింద నలిగిపోతారు. ఆ రథం ఎంత లెవెల్ ఉన్నవారినైనా ఒక్క తాకుడుతో పడగొట్టగలదు. దారి పక్కన ఉన్న గూళ్ళలో ఒదిగి, రథం దాటిపోయాక తరువాతి గూటికి పరుగెత్తాలి. చివరన ఉండే అల్సరేటెడ్ ట్రీ స్పిరిట్ మొదటి ప్రాంతపు పాత్ర తట్టుకోగల శత్రువు కాదు. గెలిస్తే దొరికేది ఔషధపు సీసాల సంఖ్యను పెంచే ఒక గోల్డెన్ సీడ్, బానిష్డ్ నైట్ ఓలెగ్ బూడిద. ఓలెగ్ నిజంగా మేలైన తోడు; ఆత్మల మీద ఆధారపడి ఆడదలచినవారు స్టార్మ్‌వీల్ కోటను దాటిన తరువాత తిరిగివచ్చి ఇతన్ని సంపాదించుకోవడం మంచి నిర్ణయం. రెండు కీలు ఒకసారి వాడితే తిరిగి రావని మాత్రం మరవకూడదు.

ఈ రకంలో నాకు అత్యంత ఇష్టమైనది రాజధాని పరిసరాల్లోని ఆరిజా హీరోస్ గ్రేవ్. అక్కడ రథాలు ఒకటి కాదు, అనేకం. వాటిని ఒకదానితో ఒకటి ఢీకొట్టించే ఉపాయాన్ని కనిపెట్టినవారికి ట్రీ సెంటినెల్ కవచం దొరుకుతుంది. శత్రువును కొట్టి గెలవడం కాకుండా, స్థలాన్నే అర్థం చేసుకుని గెలవడం ఎలా ఉంటుందో ఈ సమాధి చూపినంత బాగా ఇంకేదీ చూపదు. ప్రతిఫలం అవసరం లేకపోయినా, నిదానంగా ఆలోచించి ఆడడం ఇష్టపడేవారు దీనిని తప్పక చూడాలి.

వెతికే పద్ధతి

ఏది కావాలో తేలాక దానిని ఎలా కనుగొనాలన్నది మిగులుతుంది. ఇక్కడ కూడా రకాన్ని బట్టి ఆనవాళ్ళు మారుతాయి. గనులను కనుగొనడం అన్నింటికంటే సులభం: ఆ ప్రాంతపు మ్యాప్ ముక్కను సంపాదిస్తే, గని ముఖద్వారాలు ఎర్రటి అంచు ఉన్న చిన్న నల్లటి రంధ్రాల్లా మ్యాప్‌లోనే కనిపిస్తాయి. మ్యాప్ ముక్క ఎక్కడుందో కూడా, ఇంకా తెరుచుకోని మ్యాప్ మీద చిన్న రాతిస్తంభపు గుర్తు చెబుతుంది.

క్యాటకోంబ్స్‌కు మ్యాప్‌లో ముందుగా గుర్తు ఉండదు. వాటికి బదులు, అక్కడక్కడ వంగి కూర్చున్న ముసలి విగ్రహాలు కనిపిస్తాయి. వాటిని తాకితే నీలపు తెల్లటి వెలుగుచార ఒకటి బయలుదేరి దగ్గరలోని సమాధి వైపు సాగిపోతుంది. ఆ దిశను మ్యాప్‌లో గుర్తుపెట్టుకుని వెళితే సరిపోతుంది. గుహలకు ఇలాంటి సహాయం ఏదీ లేదు. వాగులు, సముద్రపు ఒడ్డు, కొండపాదాల వెంట కళ్ళు తెరిచి తిరగడమే మార్గం. వాటి కోసం పనిగట్టుకుని వెతకడం కంటే వేరే పని మీద వెళుతూ కనిపించినప్పుడు మ్యాప్ మీద ఒక గుర్తు ఉంచి, అవసరం వచ్చినప్పుడు తిరిగిరావడం మేలు. ప్రవేశంలోని సైట్ ఆఫ్ గ్రేస్ అనే విశ్రాంతి స్థలాన్ని తాకి వెనుదిరిగినా చాలు, ఆ తరువాత ఎప్పుడైనా ఒక్క క్షణంలో అక్కడికి చేరవచ్చు.

కొన్ని డంజియన్లు ఆటగాడే కోరకుండా మీద పడతాయి. అగీల్ సరస్సు పక్కనున్న డ్రాగన్ బర్న్‌ట్ రూయిన్స్‌లోని పెట్టెను తెరిస్తే, అది కొత్త ఆటగాడిని ఏకంగా కేలిడ్‌లోని సెలియా క్రిస్టల్ టన్నెల్‌లోకి విసిరేస్తుంది. లోపల ఉన్నంతసేపు వేరేచోటికి తక్షణ ప్రయాణం కుదరదు. అక్కడ ఎవరితోనూ పోరాడకుండా, వంగి నడుస్తూ గని బయటికి వచ్చి, ఆకాశం కనిపించగానే మ్యాప్ తెరిచి లిమ్‌గ్రేవ్‌కు వెళ్ళిపోవడమే తెలివైన పని. పైన చెప్పిన సోంబర్ బెల్ బేరింగ్ ఆ గనిలోనే ఉన్నా, దానికి కాపలా ఉన్న ఫాలింగ్‌స్టార్ బీస్ట్‌ను అప్పుడే తాకనవసరం లేదు.

రాడాన్ అనే పెద్ద బాస్ బతికి ఉన్నంతకాలం కేలిడ్‌లోని వార్ డెడ్ క్యాటకోంబ్స్ తెరుచుకోదు. దాని ద్వారాన్ని వెతుకుతూ కాలం గడపకండి.

పెద్ద ఐచ్ఛిక స్థలాలు

చిన్న డంజియన్లను అవసరాన్ని బట్టి ఎంచుకోమన్నాను గానీ, పెద్ద వాటికి ఆ నియమం వర్తించదు. రాజధానిలో ప్రవేశించడానికి ప్రధాన బాస్‌లను ఓడిస్తే దొరికే గ్రేట్ రూన్లు ఏవైనా రెండు చాలు కనుక, స్టార్మ్‌వీల్ కోట, రాయా లుకారియా అకాడమీ కూడా నియమం ప్రకారం విడివిడిగా ఐచ్ఛికమే. కోట పక్కనున్న కొండ అంచు దారిలో లియూర్నియాకు నేరుగా దిగిపోవచ్చు. అయినా ఈ రెంటినీ మొదటిసారి దాటవేయడం ఆటలో అతి చక్కగా కట్టిన భాగాలను చేజేతులా పోగొట్టుకోవడమే. ఇవి తప్ప, ఎంచుకోవలసినవి కేరియా మేనర్, వాల్కనో మేనర్, హేలిగ్‌ట్రీ.

వీటిలో కేరియా మేనర్‌కు మొదటి స్థానం ఇస్తాను. లియూర్నియా వాయవ్య మూలన ఉన్న ఈ భవనం పెద్దదేమీ కాదు. చివరన రాయల్ నైట్ లొరెట్టా న్యాయంగా పోరాడే శత్రువు. కానీ దాని వెనుక ఉన్న గోపురాల్లో రాన్ని అనే మంత్రగత్తె కథ మొదలవుతుంది. ఆ కథను అనుసరిస్తే, రాడాన్ ఓటమి తరువాత నక్షత్రం పడిన గోతిలోంచి నోక్రాన్ నగరానికి, అక్కడినుంచి మిమిక్ టియర్ దాకా దారి సాగుతుంది. ఒక చిన్న ఐచ్ఛిక స్థలం ఇంత లోకాన్ని తెరవడం మరెక్కడా లేదు. వాల్కనో మేనర్‌ను ఆల్టస్ చేరాక చూడవచ్చు. అక్కడి రైకార్డ్‌తో పోరాటానికి అవసరమైన సర్పెంట్ హంటర్ ఈటె ఆ గది ప్రవేశంలోనే ఉంటుంది కనుక, ఎలాంటి పాత్రతో వచ్చినవారైనా గెలవగలరు. దాన్ని తీసుకోకుండా సొంత ఆయుధంతోనే దిగి కష్టపడనవసరం లేదు.

హేలిగ్‌ట్రీ అందరికీ కాదు. దాన్ని చేరడానికి ఒక రహస్య పతకం రెండు భాగాలు సేకరించి, కంటికి కనిపించని వంతెన ఉన్న దారి దాటి, మంచు మైదానంలో దారి వెతుక్కోవాలి. చివరన ఉండే మలేనియా తన ప్రతి దెబ్బతోనూ పోయిన ప్రాణాన్ని తిరిగి పొందుతుంది. పని తరువాత మిగిలిన గంట రెండు గంటలు మాత్రమే ఆడగలిగి, కథ ముగింపు చూడాలని కోరుకునేవారు దీనిని వదిలేసినా ముగింపుకు ఏ లోటూ రాదు. పోరాటంలోని నైపుణ్యమే ఆనందంగా ఆడేవారికి మాత్రం దీనికి సాటి వచ్చే పరీక్ష మూల ఆటలో లేదు.

లోపలే ఉండాలా, బయటికి రావాలా

లోపలికి దిగిన తరువాత కూడా ఎంపిక ముగియదు. బాస్ చేతిలో ఓడిపోతున్నప్పుడు, అది మీ ఒంట్లో సగం ప్రాణాన్ని ఒకే దెబ్బతో తీసేస్తున్నదా లేక మీ దెబ్బలు దానికి తగలడమే లేదా అన్నది గమనించండి. మొదటి సందర్భంలో మీరు ముందుగా వచ్చారు. బయటికి వెళ్ళి, ప్రాణబలం పెంచుకుని, గని పని చూసుకుని తిరిగిరావాలి. రెండోది అభ్యాసంతో తీరే సమస్య, మరికొంతసేపు ప్రయత్నించవచ్చు. ఔషధపు సీసాలు చాలడం లేదనిపిస్తే దానికి మందు డంజియన్లలో వెతకకండి. సీసా శక్తిని పెంచే సేక్రెడ్ టియర్లు చర్చిల్లోనే ఉంటాయి. వీపింగ్ పెనిన్సులాలో అలాంటి చర్చిలు మూడు ఉన్నాయి. కాబట్టి స్టార్మ్‌వీల్ ముందు నిలబడి అడుగు వేయలేకపోతున్నవారు దక్షిణానికి తిరిగి ఆ ద్వీపకల్పం మొత్తం చుట్టి రావడం, లిమ్‌గ్రేవ్‌లో మిగిలిన క్యాటకోంబ్స్ అన్నీ పూర్తి చేయడం కంటే ఎక్కువ ప్రయోజనకరం.

2024 జూన్ 21న వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ విస్తరణలో లెక్కలు కొంత మారాయి. రాడాన్‌ను, మోగ్ అనే మరో బాస్‌ను ఓడించినవారే అందులో ప్రవేశించగలరు. అక్కడ పాత్రను బలపరిచే స్కాడూట్రీ ఫ్రాగ్మెంట్లు ఎక్కువగా దారిలోని శిలువల దగ్గర, చర్చిల్లో దొరుకుతాయి కనుక, చిన్న డంజియన్ల కంటే ముందు ఆరుబయట తిరగడానికే ప్రాధాన్యం ఇవ్వాలి. రూయిన్డ్ ఫోర్జ్ అనే పాడుబడిన కొలిమిశాలలు కొత్త రకం. బాస్ పోరు కోసం కాకుండా రాళ్ళ కోసం, విసిరి కొట్టగల స్మిత్‌స్క్రిప్ట్ ఆయుధాల కోసం వెళ్ళవలసినవి. తక్కువ సమయంలో ఖాయమైన లాభం కోరేవారు వాటిని మొదట చూడండి. అక్కడి క్యాటకోంబ్స్ మాత్రం మూల ఆటలోని వాటికంటే ఎంతో పెద్దవి, ఒక్కోదానికీ ఒక సాయంత్రమంతా కేటాయించుకోగలిగినప్పుడే వాటిలోకి దిగండి.